సంగీత సందేహాలు: కొత్త కృతులు కట్టేవారికి బతుకుతెరువు

ప్రశ్న: వయొలిన్ నేర్పుతూ సొంతంగా వర్ణాలు, తిల్లానాలు కడుతున్నాను. ఇద్దరు నాట్యగురువులు నృత్యరూపకాలకు సంగీతం అడుగుతున్నారు. దీన్నే వృత్తిగా చేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: చేసుకోవచ్చు, పాఠాలు మాత్రం మానకండి. కళాభారతి ఆడిటోరియంలో మీ తిల్లానా ఎవరైనా పాడితే పేరొస్తుంది గానీ ఇల్లు గడవదు. కొత్త రచనకు ముందుగా డబ్బు కట్టేది నాట్యమే.

నిమిషాల లెక్కను ఆవర్తనాల్లోకి, అంటే తాళం పూర్తి చుట్లలోకి మార్చండి. ఆదితాళం ఒక చుట్టుకు 8 అక్షరాలు (తాళపు లెక్కలు). నిమిషానికి 80 అక్షరాల నడకైతే ఆవర్తనం 6 సెకన్లు, పది నిమిషాలకు 100 ఆవర్తనాలు. నడక 60కి దిగితే 75 చాలు. ఏ జతి (నాట్యానికి పలికే సొల్లుకట్టు) ఎన్ని ఆవర్తనాలో, దాన్ని ముగించే తీర్మానం ఎక్కడో, గాయని శ్రుతి ఎంతో కాగితం మీద పెట్టి, గురువుగారు సరేనన్నాకే స్టూడియో బుక్ చేయండి. రికార్డింగ్ అయ్యాక జతి పెంచమంటే మృదంగంతో పాటు దాని మీద వాయించిన వేణువు, వీణ కూడా మళ్లీ తీయాలి. మీ పారితోషికమంతా అక్కడే హరించుకుపోతుంది. అందుకే రెండు మార్పులు దాటితే అదనపు రుసుమని ముందే చెప్పండి. సగం అడ్వాన్సుగా, మిగతాది ఫైళ్లు ఇచ్చేముందు తీసుకోండి.

క్లిక్ (చెవిలో లయ కొట్టే మెట్రోనోమ్) మీద వాయించి, ప్రతి వాద్యాన్నీ విడి ట్రాకుగా 24 బిట్ వేవ్ ఫైళ్లలో దాచండి. గాత్రం తీసేసిన ట్రాకు, అదే శ్రుతిలో పాడే మరో బృందానికి మళ్లీ పనికొస్తుంది.

‘సర్వహక్కులూ’ అని రాసిన కాగితం మీద సంతకం పెట్టొద్దు. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా జరగాలి. గడువు రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అసలు బదిలీ చేయకుండా, ఫలానా బృందం ఫలానా రూపకానికి 3 ఏళ్లు వాడుకోవచ్చని అనుమతి మాత్రమే ఇవ్వండి. నాట్య పాఠశాలలో జీతానికి చేరి కడితే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు యాజమాన్యానిదే.

ప్రశ్న: అన్నమయ్య కీర్తనకు నేను కట్టిన వరస నాదేనా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీదే. ఆయన కీర్తనలు చెక్కిన రాగిరేకుల్లో సాహిత్యం, రాగం పేరు ఉన్నాయి గానీ పాడే వరసలు మనకు దక్కలేదు. సాహిత్యం మీద ఎవరికీ కాపీరైట్ లేదు. ఇప్పుడు ప్రచారంలో ఉన్న వరసలు మాత్రం చాలావరకు 20వ శతాబ్దపు స్వరకర్తలవి. వారు పోయాక కూడా 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది కాబట్టి, వాటిని రికార్డు చేసేముందు హక్కుదారుల అనుమతి రాతలో తీసుకోండి.