పిల్లాడి తలలో గుండ్రటి మచ్చ: పేనుకొరుకుడా, తామరా?

కటింగ్ చేయించిన మూడు వారాలకి బాబు తలలో రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడిందనీ, సెలూన్‌లో అంటుకుందా అనీ అడిగారు. మా వాడికి ఆరేళ్లప్పుడు అచ్చం ఇలాగే వచ్చింది.

ఇంట్లో అందరూ పేనుకొరుకుడే అన్నారు. మా అత్తయ్యగారు గురివింద గింజ అరగదీసి రాయమన్నారు. (ఆ గింజలో విషం ఉంటుంది, దయచేసి పిల్లలకి రాయకండి.) అది రాయలేదు గానీ, మెడికల్ షాపులో అడిగి ఒక ట్యూబు తెచ్చి పూశాను. నాలుగు రోజులు దురద తగ్గింది. తర్వాత మచ్చ పెద్దదైంది, మెడ వెనక బిళ్లలు కట్టాయి. ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉందట. అది పైకి ఎరుపు తగ్గిస్తూ లోపల ఫంగస్‌ని పెరగనిస్తుందని స్కిన్ డాక్టరుగారు చెప్పినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆవిడ రెండు వెంట్రుకలు తీసి మైక్రోస్కోప్‌లో చూసి తామర అని తేల్చారు.

పేనుకొరుకుడులో చర్మం నున్నగా ఉంటుంది, పొట్టు రాలదు, అది ఎవరికీ అంటుకోదు. తామరైతే పొట్టు లేస్తుంది, దురద ఉంటుంది, వెంట్రుకలు మొదళ్ల దగ్గరే విరిగి నల్లచుక్కల్లా కనిపిస్తాయి. ఫంగస్ వెంట్రుక లోపలికే దూరుతుంది కాబట్టి పైపూత ఒక్కటే చాలదు. మా వాడికి ఎనిమిది వారాలు గ్రిసియోఫుల్విన్ అనే, ఫంగస్‌కి నోటితో వేసుకునే మందు ఇచ్చారు. కొవ్వు ఉన్న తిండితో బాగా ఒంటికి పడుతుందని నెయ్యి అన్నం తినిపించాక వేసేదాన్ని. మచ్చ మెత్తగా ఉబ్బి చీము పడితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి. అక్కడ జుట్టు మళ్లీ రాకపోవచ్చు.

సెలూన్ నుంచే వచ్చిందని గట్టిగా చెప్పలేం. స్కూల్లో పిల్లల టోపీలు, దువ్వెనలు, దిండ్లు, పిల్లికూన వల్ల కూడా వస్తుంది. అయినా వెళ్లి చెప్పాను, ఇంకో పిల్లాడికి రాకూడదని. ఆ అన్న కోప్పడలేదు. దువ్వెనలు డెటాల్ నీళ్లలో వేస్తున్నాడు గానీ, ట్రిమ్మర్ పళ్ల మధ్య వెంట్రుకలు అలాగే ఉన్నాయి. వెంట్రుకలూ నూనే ఉండగా పైన ఏ మందు కొట్టినా లోపలికి పోదు. ముందు బ్రష్‌తో దులిపి, తర్వాత 70 శాతం ఆల్కహాల్ కొట్టి, ఆరనిచ్చి వాడాలి. ఇప్పుడు ప్రతి కటింగ్‌కీ అలాగే చేస్తున్నాడు. దువ్వెన, టవల్ మేమే తీసుకెళ్తాం.

బాబు పక్కన పడుకునే పిల్లల తలలు కూడా ఈరోజే వెలుతురులో చూడండి. మా పాపకి చెవి వెనక చిన్న మచ్చ అలాగే దొరికింది.