పళ్ళ రసం ఫ్రీజర్‌లో రాయి కాకుండా ఉండాలంటే

పుచ్చకాయ రసం డబ్బాలో పోసి రాత్రంతా ఫ్రీజర్‌లో పెడితే పొద్దున చెంచా కూడా దిగలేదని, ఐస్‌క్రీమ్ మెషీన్ కొనకుండా పిల్లలకి చేసిపెట్టే దారేదైనా ఉందా అని అడిగారు. ఉందండీ. మేము నెల్లూరు నుంచి చెన్నై వచ్చి పదకొండేళ్ళయింది. పెరంబూరులో పై అంతస్తు ఇల్లు. మే మొదటివారంలో కత్తిరి, అంటే నడివేసవి మండుటెండలు, మొదలయిందంటే మధ్యాహ్నానికి మిద్దె మీద ట్యాంకు నీళ్ళు చెయ్యి పెట్టలేనంత కాగిపోతాయి. ఆ రోజుల్లో మా ఇద్దరు పిల్లలకీ ఇవే చేసిపెడతాను. మొదటి ఏడాది నాకూ అచ్చం మీకు జరిగినట్టే జరిగింది.

పుచ్చకాయలో నూటికి తొంభై పాళ్ళ పైన నీళ్ళే. కదపకుండా వదిలేస్తే ఆ నీళ్ళు పెద్ద పెద్ద పలుకులు కట్టి, అంతా ఒకే గడ్డ అవుతుంది. చక్కెర ఎక్కువుంటే నీళ్ళు అంత తేలిగ్గా బిగుసుకోవు, చిక్కటి గుజ్జుంటే పలుకులు పెద్దవి కావు. అందుకే అరటి, మామిడి, సపోటా మెత్తగా వస్తాయి, బత్తాయి రసం రాయవుతుంది.

మీరు అరటిపండుతో మొదలుపెట్టండి. తొక్క మీద నల్లమచ్చలు పడేంత మాగినవి నాలుగు తీసుకుని, చక్రాలుగా కోసి, స్టీలు పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఐదారు గంటలు ఫ్రీజర్‌లో పెట్టండి. బయటికి తీశాక ఐదు నిమిషాలు ఆగి మిక్సీలో వేసి, ఆపి ఆపి తిప్పండి. ముందు కటకటమంటుంది. తర్వాత ఉప్మా రవ్వలా పొడిపొడిగా అయిపోతుంది. చెడిపోయిందనుకుని చాలామంది ఇక్కడే పాలు పోసేస్తారు. పోయకండి. మూత తీసి, అంచులకి పోయిన పొడిని గరిటెతో లోపలికి తోసి ఇంకో రెండు మూడుసార్లు తిప్పండి. ఉన్నట్టుండి మిక్సీ చప్పుడు మారుతుంది, రవ్వంతా ఒక్కటై వెన్నముద్దలా మిక్సీ జార్ గోడకి అంటుకుంటుంది. ఒక్క చెంచా చక్కెర లేకుండా వచ్చే ఆ మెత్తదనం మీరే చూడాలి!

మామిడికైతే నా ఓటు బంగినపల్లికే. కోయంబేడు మార్కెట్లో డజను లెక్కన తెచ్చుకుంటాం. పీచుండదు కాబట్టి వడకట్టే పని లేదు. రసాలతో చేస్తే రుచి ఇంకా బాగుంటుంది గానీ గుజ్జు జల్లెడ పట్టాల్సిందే. రెండు కప్పుల గుజ్జుకి, గుడ్డలో కట్టి నీళ్ళు ఓడ్చిన పెరుగు అర కప్పు, చక్కెర మూడు చెంచాలు, ఉప్పు చిటికెడు. ఫ్రీజర్‌లో పెట్టకముందే రుచి చూడండి. చల్లటి దాంట్లో తీపి నాలుకకి తక్కువ తెలుస్తుంది కాబట్టి, అప్పుడు కాస్త ఎక్కువ తియ్యగా అనిపించాలి. చిన్న స్టీలు గ్లాసుల్లో ముప్పావు వంతే పోయండి, గడ్డకట్టేటప్పుడు పొంగుతుంది. నేను ఒకసారి గాజు సీసా నిండా పోసి పెట్టాను. అది పగిలి, ఫ్రీజర్‌లో ఉన్నదంతా పారేయాల్సి వచ్చింది. గాజు వద్దేవద్దు. సగం బిగుసుకున్నాక పుల్ల గుచ్చండి. తీసేటప్పుడు గ్లాసుని కుళాయి కింద పది క్షణాలు పట్టుకుంటే చాలు, కత్తిరిలో మన కుళాయి నీళ్ళే వేన్నీళ్ళు.

ఇక మీ పుచ్చకాయ. రసంలో రెండు చెంచాల చక్కెర, అర నిమ్మచెక్క పిండి, వెడల్పాటి పళ్ళెంలో వేలి మందాన పోయండి. గంటకి అంచులు కట్టుకుంటాయి. ఫోర్కుతో అంచుల్ని గీకి మధ్యలోకి తోయండి. అరగంటకోసారి ఇలాగే నాలుగుసార్లు. చివరికి ఎర్రటి కొబ్బరికోరులా విడివిడిగా వస్తుంది. పైన తాటిముంజలు ముక్కలు చేసి వేయండి. ముంజల్ని మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకండి, నీళ్ళు వదిలి సాగుతాయి.

మధ్యలో కరెంటు పోతే ఫ్రీజర్ తలుపు తీయకండి. 1840లలో బోస్టన్ నుంచి ఓడల్లో వచ్చిన మంచుని మెరీనా దగ్గర ఐస్‌హౌస్‌లో, అదే ఇప్పటి వివేకానందర్ ఇల్లంలో, దాచేవారు. ఓడలో అన్ని నెలలూ ఆ మంచుని కాపాడింది చుట్టూ కప్పిన రంపపు పొట్టే. వేడిగాలి తగలనివ్వకపోవడమే కిటుకు. పెరుగో పాలో వేసినవి పూర్తిగా కరిగి వేడెక్కితే మళ్ళీ గడ్డకట్టించకండి. నీళ్ళు కలపాల్సి వస్తే కాచి చల్లార్చినవే కలపండి. ఫ్రీజర్‌లో క్రిములు చావవు, ఊరికే నిద్రపోతాయి.

ఏమీ చేసే ఓపిక లేని రోజు నల్లద్రాక్ష కడిగి, తుడిచి ఫ్రీజర్‌లో పడేయండి, రెండు మూడు గంటల్లో తయారు. అయితే మీ చిన్నమ్మాయికి మూడేళ్ళే అన్నారు. గొంతుకి అడ్డం పడుతుంది, గుండ్రంగా ఇవ్వకండి. ముందే నిలువునా నాలుగు ముక్కలు కోసి పెట్టుకుని, తీశాక కాస్త మెత్తబడనిచ్చి, పక్కన కూర్చుని తినిపించండి.