విశాఖ తీరంలో డ్రాగన్ నిజమైన జంతువైతే ఎలా ఉండాలి?

మీ కథలో విశాఖ తీరపు డ్రాగన్‌ని చదివేవాళ్లు నిజమైన జంతువే అని నమ్మాలంటే ముందు దాని తిండి తేల్చుకోండి, ఆకారం దాని వెంటే వస్తుంది. ఇక్కడ కానాగుర్తలు, కవళ్లు లాంటి చేపలు గుంపులుగా తిరుగుతాయి. కాబట్టి సన్నటి పొడవాటి మూతి, లోపలికి వంగిన సూది పళ్లు ఇవ్వండి.

నాలుగు కాళ్లుండగా మళ్లీ రెక్కలు వద్దు. గబ్బిలానికైనా, పక్షికైనా ముందు కాళ్లే రెక్కలయ్యాయి, మీ డ్రాగన్‌కీ అలాగే చేయండి.

ఉప్పు సంగతి మాత్రం అస్సలు మరవొద్దు, నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. గాలాపగోస్ దీవుల సముద్రపు ఇగ్వానాలు (ఒక రకం పెద్ద బల్లులు) ఒంట్లో ఎక్కువైన ఉప్పును ముక్కులోంచి చీదేస్తాయి. అది తల మీద పడి, ఆరి, తెల్లగా పెచ్చు కడుతుంది. మీ డ్రాగన్ కూడా నిప్పుకు బదులు ఉప్పు తుంపర చిమ్మితే దూరం నుంచి చూసే జాలర్లకు అది పొగలాగే కనిపిస్తుంది.

మకాం డాల్ఫిన్స్ నోస్ కొండ మీద పెట్టండి. సముద్రపు గాలి కొండకు కొట్టుకుని పైకి లేస్తుంది కాబట్టి రెక్కలు పెద్దగా ఆడించకుండానే తేలిపోవచ్చు. గుడ్లు మాత్రం ఆలివ్ రిడ్లే తాబేళ్లలాగే ఇసుకలో పెట్టించండి. ఊరకుక్కలు తవ్వేస్తాయేమోనన్న టెన్షన్ తల్లి డ్రాగన్‌కీ ఉండాలి.