చార్మినార్‌కి గడియారం పెట్టాలా, వద్దా?

పిల్లలతో చరిత్ర బొమ్మలు చేయించడం గురించి పాఠకుల ప్రశ్నలు, ఒక డ్రాయింగ్ టీచర్ జవాబులు

ప్రశ్న: మేడమ్, మా బాబు మూడో తరగతి. చార్మినార్ మోడల్ చేసుకురమ్మని స్కూల్లో చెప్పారు. థర్మోకోల్‌తో చేసినవి బయట దొరుకుతున్నాయి. కొనివ్వడానికి మనసొప్పడం లేదు. మేమే కూర్చుని చేద్దామంటే ఇద్దరం ఉద్యోగస్తులం. చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, కొనకండి. మీరు కూర్చుని చేయకండి కూడా. బాబునే చేయనివ్వండి. వాడు చేసింది వంకరగా వస్తే వంకరగానే స్కూలుకు వెళ్లనివ్వండి. బ్లేడు పని ఒక్కటీ మీ చేతిలో ఉంచుకోండి.

ముందు కొలతతో మొదలుపెట్టించండి. చార్మినార్ ఒక్కో పక్క సుమారు 20 మీటర్లు, మినార్ల ఎత్తు దాదాపు 49 మీటర్లు. రెండు మీటర్లను ఒక సెంటీమీటర్ అనుకుంటే 10 సెం.మీ. చదరం అట్టపెట్టె, 24.5 సెం.మీ. పొడవు గొట్టాలు నాలుగు కావాలి. పాత న్యూస్‌పేపర్‌ను పెన్సిల్ చుట్టూ బిగించి చుట్టి, ఉడికించిన మైదా పిండితో అంటిస్తే గొట్టాలు గట్టిగా నిలబడతాయి. నాలుగు మూలల్లో నాలుగూ నిలబెట్టాక, నాలుగు పక్కలా నాలుగు కమాన్లు మీరు కోసి ఇవ్వండి. ఒక కమానులోంచి చూస్తే ఎదురుగా ఉన్న కమాను కనబడాలి. నాలుగు వైపులా దారులు ఎందుకు వదిలారో వాడే వంగి చూసి తెలుసుకుంటాడు.

చార్మినార్ అందమంతా గచ్చుపనిలో, అంటే సున్నపు పూత మీద తీర్చిన నగిషీల్లో ఉంది. సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, చర్మం కాలుతుంది. సుద్దముక్కలు నూరి మైదా పిండిలో కలిపి పూయమనండి. తడి ఆరకముందే అగ్గిపుల్లతో పూలు, ఆకులు గీయాలి. ఆరాక గీస్తే పెచ్చులు ఊడతాయి. మేస్త్రీలు ఎంత చురుగ్గా పనిచేసి ఉంటారో అప్పుడు వాడికి మనం చెప్పక్కర్లేదు.

ఇక గడియారాలు. చార్మినార్‌ను 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. నాలుగు వైపులా కనిపించే గడియారాలు 1889లో వచ్చాయి. వాడితోనే తీసివేత చేయించండి, 298 ఏళ్లు వస్తుంది. ఇప్పుడు అడగండి: "నాన్నా, నువ్వు చేసేది ఎప్పటి చార్మినార్?" కులీ కుతుబ్ షా చూసిన చార్మినార్ అయితే గడియారం ఉండకూడదు. మా క్లాసులో ఒకమ్మాయి అట్ట గడియారాన్ని గుండుసూదితో గుచ్చి పెట్టి, చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లకీ "ఇది 1889, ఇది 1591" అంటూ పెట్టి, తీసి చూపించింది. మూడో తరగతిలో చరిత్ర అంటే అదే చాలు. మోడల్ కింద ఏ సంవత్సరమో బాబు చేతిరాతతోనే రాయించండి.

ప్రశ్న: మేడమ్, మాది నగర శివార్లలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. నాలుగు, ఐదు తరగతులు కలిపి 38 మంది పిల్లలు. ఖర్చు లేకుండా, అందరూ చేయి వేసేలా హైదరాబాద్ చరిత్ర మీద ఏదైనా చేయించాలని ఉంది.
- ఒక టీచర్, మేడ్చల్ జిల్లా

జవాబు: టీచర్ గారూ, చేర్యాల పద్ధతిలో ఒక పటం వేయించండి. పాత నూలు పంచె ఒకటి, చింతగింజలు, సుద్ద ఉంటే చాలు. ఇప్పటి సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలలో నకాషీలనే చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి, దాని మీద ఎర్రరంగు వెనకతలంగా కథను గడులుగా గీస్తారు. కథ చెప్పేవాళ్లు పటం విప్పుకుంటూ, గడి గడికీ పాడుకుంటూ పోతారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, యాదవులకు కాటమరాజు కథ, ఇలా ఎవరి కథ వాళ్లకుంది.

మీ పిల్లలకు నేను ఇచ్చే కథ 1908 సెప్టెంబర్ 28న వచ్చిన మూసీ వరద.

జిగురు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, అక్కడే చాలామంది వదిలేస్తారు. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టాలి. మర్నాడు మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి సన్నటి సెగ మీద కలుపుతూ ఉడికించాలి. మధ్యాహ్న భోజనం వండే అమ్మను అడగండి, మనకంటే ఆమె బాగా చేస్తుంది. రెండు వేళ్ల మధ్య దారంలా సాగితే అయినట్టే. ఏ రోజుది ఆ రోజే వాడేయండి, నిల్వ ఉంటే పులిసి వాసనొస్తుంది. గుడ్డకు ముందు గంజి పెట్టి ఆరబెట్టండి. తర్వాత సుద్దపొడి కలిపిన జిగురు మూడు పూతలు వేయండి, ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకొకటి. ఎరుపుకు జేగురు (ఎర్రమట్టి రంగు), పసుపుకు వంటింటి పసుపు, నలుపుకు బొగ్గు, నీలానికి బట్టల నీలిమందు సరిపోతాయి.

ఐదు గడులు చాలు. మొదటిదాంట్లో వానకు ముందు మూసీ. రెండోదాంట్లో వరద. మూడోది అఫ్జల్‌గంజ్ చింతచెట్టు. ఆ చెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు, ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఈ గడిని పెద్దదిగా వదలండి. మీ 38 మందీ తలా నలుగురు మనుషుల్ని కొమ్మల మీద గీస్తే 152 అవుతుంది, దాదాపు అంతమందీ వచ్చేసినట్టే. ముసలమ్మ, చంటిబిడ్డ, మేకను ఎత్తుకున్నవాడు, ఎవరిని గీస్తారో వాళ్లిష్టం. నాలుగో గడిలో 1578 నాటి పురానాపూల్. వరదకు మిగతా వంతెనలు కొట్టుకుపోతే అది నిలబడింది. ఐదోదాంట్లో ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య, ఆ వరద తర్వాత వచ్చిన ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) జలాశయాలు.

వరదలో పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. అది పిల్లలకు దాచొద్దు. బొమ్మల్లో శవాలు గీయించక్కర్లేదు, అడిగినవాళ్లకు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

పూర్తయ్యాక గుడ్డ రెండు చివర్లా రెండు కర్రలు కట్టి, పిల్లలతోనే విప్పుకుంటూ కథ చెప్పించండి. గోడకు మేకులు కొట్టేసి వదలకండి.

ప్రశ్న: మా మనవరాలికి "పాత ఉత్తరం" చేయమన్నారు. కాగితాన్ని టీ నీళ్లలో ముంచి, అంచులు కాలిస్తే సరిపోతుందంటున్నారు. నిజమేనా?
- విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లకుంట

జవాబు: మాస్టారూ, ఎనిమిదేళ్ల పిల్ల చేతికి అగ్గిపెట్టె ఎందుకండీ? పాత కాగితాలన్నీ కాలిపోయి ఉండవు కూడా. తాటాకు మీద రాయించండి. ఎండాకాలం ముంజలు అమ్మేవాళ్లను అడిగితే ఆకులు ఇస్తారు. పసుపు నీళ్లలో ఉడికించి, నీడన ఆరబెట్టి, పుస్తకాల కింద పెడితే చదునవుతాయి. ఇంకు అయిపోయిన బాల్‌పెన్‌ను గంటంలా (తాటాకు మీద రాసే ఇనప పుల్లలా) పట్టుకుని గీరితే గీత పడుతుంది, కానీ కనబడదు. దీపం మసిలో చుక్క నూనె కలిపి రుద్ది, గుడ్డతో తుడవండి. అక్షరాలు నల్లగా పైకి తేలతాయి. పిల్లలు కేక పెట్టేది ఇక్కడే.

ఒక ఆకు పాడైనా ఫర్వాలేదనుకుని, ఈనె వెంబడి పొడుగ్గా ఒక గీత గట్టిగా గీయించండి. చీలిపోతుంది. పక్కనే గుండ్రంగా "ఠ" రాయించండి. మన లిపికి ఇన్ని ఒంపులు తాటాకు వల్లే వచ్చాయని పెద్దలు ఎందుకంటారో తన చేత్తోనే చూసుకుంటుంది.

ప్రశ్న: పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మమ్మీని చూసినప్పటినుంచి మా పాప బొమ్మలన్నిటికీ బ్యాండేజీ చుడుతోంది. దీన్ని చదువుకు పనికొచ్చేలా మార్చవచ్చా?
- ఒక తల్లి, లక్డీకాపూల్

జవాబు: మార్చవచ్చమ్మా. అద్దాల వెనక ఉన్నది ఒకప్పుడు బతికిన మనిషి అని ఒక్క మాట నెమ్మదిగా చెప్పండి. ఈజిప్టువాళ్లు గుడ్డ చుట్టేముందు దేహాన్ని నేట్రాన్ అనే ఉప్పులో పెట్టి, తేమంతా లాగేసేవారు. ఉప్పు, తినే సోడా సమంగా కలిపి, ఒక ఆపిల్ ముక్కను అందులో పూర్తిగా కప్పెట్టించండి. ఇంకో ముక్కను ఊరికే గిన్నెలో వదలండి. వారం తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి బొమ్మ వేయమనండి. ఎండిన ముక్కకు బ్యాండేజీ తనే చుడుతుంది. రెండో ముక్క మాత్రం బొమ్మ అవగానే బయట పారేయండి, చీమలు పడతాయి.