కీరింగ్ పాస్‌వర్డ్‌ను ఖాళీగా వదిలేయవచ్చా?

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్ వాడుతున్నాను. ఆన్ చేయగానే నేరుగా డెస్క్‌టాప్ వచ్చేలా ఆటోమేటిక్ లాగిన్ పెట్టుకున్నాను. కానీ ఆ తర్వాత క్రోమ్ తెరవగానే కీరింగ్ పాస్‌వర్డ్ ఇవ్వమంటోంది. దాన్ని ఖాళీగా మార్చేస్తే ఈ బెడద ఉండదని ఆఫీసులో ఒకరు చెప్పారు. మార్చవచ్చా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: దయచేసి మార్చకండి. మీరు సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లను క్రోమ్ మీ హోమ్ ఫోల్డర్‌లోని ‘లాగిన్ డేటా’ అనే ఫైలులో ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే నేరుగా చదవలేని రహస్య రూపంలోకి మార్చి ఉంచుతుంది. వాటిని విప్పే కీని మాత్రం గ్నోమ్ కీరింగ్‌కు, అంటే ఇలాంటి కీలను, పాస్‌వర్డ్‌లను తాళం వేసి దాచే ఉబుంటులోని ప్రోగ్రాముకు అప్పగిస్తుంది. మామూలుగా లాగిన్ అయ్యేటప్పుడు మీరు టైపు చేసే పాస్‌వర్డ్‌తోనే కీరింగ్ కూడా తెరుచుకుంటుంది కాబట్టి అది విడిగా ఏమీ అడగదు. ఆటోమేటిక్ లాగిన్‌లో మీరు ఆ పాస్‌వర్డ్ ఇవ్వనే ఇవ్వరు గనుక, క్రోమ్ కీ కోసం వచ్చినప్పుడు కీరింగ్ మిమ్మల్ని అడగక తప్పడం లేదు.

పాస్‌వర్డ్ ఖాళీగా పెడితే కీరింగ్ తనలోని రహస్యాలను ఎన్‌క్రిప్ట్ చేయకుండానే డిస్కు మీద రాసేస్తుంది. రేపు ల్యాప్‌టాప్ స్క్రీన్ పాడై, దాన్ని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రిపేరుకు ఇచ్చారనుకోండి. మొత్తం డిస్కును విడిగా ఎన్‌క్రిప్ట్ చేసి ఉండకపోతే, దాన్ని ఊడదీసి మరో కంప్యూటర్‌కు తగిలించిన వారెవరైనా ఆ కీని, దాని ద్వారా మీ బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లను చదవగలుగుతారు. కొందరు సూచించే ‘పాస్‌వర్డ్ స్టోర్ బేసిక్’ అనే ఆప్షన్‌తోనూ ఇదే ముప్పు ఉంది. అప్పుడు క్రోమ్ వాడే కీ, క్రోమ్‌కు ఆధారమైన, ఎవరైనా చదువుకోగల క్రోమియం సోర్స్ కోడ్‌లోనే రాసి ఉంటుంది.

సెట్టింగ్స్‌లో యూజర్స్ విభాగానికి వెళ్లి ఆటోమేటిక్ లాగిన్‌ను ఆపేయండి. ఆ తర్వాత కూడా అడుగుతుంటే కీరింగ్‌కు పాత పాస్‌వర్డే మిగిలిపోయి ఉండవచ్చు. ‘పాస్‌వర్డ్స్ అండ్ కీస్’ అనే అప్లికేషన్ తెరిచి, ‘లాగిన్’ కీరింగ్ మీద రైట్ క్లిక్ చేసి, ఇప్పటి లాగిన్ పాస్‌వర్డ్‌నే దానికీ పెట్టండి.

అయితే కీరింగ్ ఒకసారి తెరుచుకున్నాక మీ ఖాతాలో నడిచే ఇతర ప్రోగ్రాములు కూడా అందులోని రహస్యాలను అడిగి తీసుకోగలవు. అందువల్ల ఊరూపేరూ తెలియని సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. వేలిముద్రతో లాగిన్ అయినా కీరింగ్ మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది కాబట్టి, ఆన్ చేసినప్పుడు పాస్‌వర్డ్ టైపు చేసి, మధ్యలో స్క్రీన్ లాక్ తీయడానికి మాత్రమే వేలిముద్ర వాడుకోండి.