నేను తాగను, అయినా ఊదాలా?

ప్రశ్న: తాగి నడిపినందుకు మావారి కారుకు ఆల్కహాల్ ఇంటర్‌లాక్ (ఊదినప్పుడు ఊపిరిలో మద్యం ఉంటే బండి స్టార్ట్ కానివ్వని పరికరం) పెట్టించాలని కోర్టు ఆదేశించింది. ఆ కారు నేనూ నడుపుతాను. నాకు తాగే అలవాటు లేదు. అయినా ఊదాలా? దారిలో ఫెయిలైతే బండి ఆగిపోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఊదాలమ్మా. స్టీరింగ్ దగ్గర ఎవరు కూర్చున్నారో ఆ పరికరానికి తెలియదు, అందుకే నడిపేవాళ్లంతా ఊదాల్సిందే. కానీ ఆయన నడిపేటప్పుడు ఆయన బదులు మీరు ఊదకండి. ఎంత బతిమాలినా సరే. చాలాచోట్ల అది నేరం, పైగా చాలా పరికరాలకు కెమెరా ఉంటుంది.

నడుస్తున్న బండిని ఇంటర్‌లాక్ ఆపదు. ఆపితే వెనక వచ్చే బండి గుద్దేస్తుంది కదా! మధ్యమధ్యలో మళ్లీ ఊదమంటుంది. రోడ్డు పక్కన ఆపుకొని ఊదేంత వ్యవధి ఇస్తుంది. ఊదకపోయినా, ఫెయిలైనా ఆ సంగతి నమోదవుతుంది, చాలా మోడళ్లలో హారన్ మోగుతుంది.

ఈ పరికరాలు బిగించే పనిలో ఉన్నవాణ్ని. నా దగ్గరికి కంగారుగా వచ్చేవాళ్లలో చాలామంది తాగినవాళ్లు కాదు, అప్పుడే మౌత్‌వాష్ పుక్కిలించినవాళ్లు. నోట్లో మిగిలిన ఆల్కహాల్‌నూ సెన్సర్ పట్టేస్తుంది. నీళ్లతో బాగా పుక్కిలించి, 15 నిమిషాలు ఆగి ఊదండి.

బ్యాటరీ తీయాల్సి వస్తే ముందే సర్వీస్ సెంటర్‌కు చెప్పి, మెకానిక్ బిల్లు దాచుకోండి. లేకపోతే ట్యాంపరింగ్, అంటే పరికరాన్ని కావాలని కెలికారని అనుకుంటారు. కాలిబ్రేషన్ (పరికరం సరిగ్గా కొలుస్తోందో లేదో చూసి సరిచేయడం) తేదీ దాటనివ్వకండి, బండి లాక్ కావచ్చు. పరికరం ఎన్నాళ్లు ఉంచాలి, ఇతర వాహనాలు నడపొచ్చా అనే వాటి గురించి ఆయనకిచ్చిన ఆర్డర్‌లో ఏముందో ఇద్దరూ కలిసి చదవండి.