ఆక్సలేట్ కౌంట్లను నమ్మే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

కిడ్నీ కణాలు ఆక్సలేట్‌ను ఎలా దాటిస్తాయో కొలవబోతున్నానని రాశావు. రాళ్లలో ఎక్కువ శాతం కాల్షియం ఆక్సలేట్‌వే కాబట్టి పని మంచిదే. కానీ రాయిని కట్టే ఆ కాల్షియమే నీ ప్రయోగాన్నీ ముంచుతుంది. ముందు దాని సంగతి చూడు.

మామూలు కల్చర్ మీడియంలో కాల్షియం 1.8 మిల్లీమోలార్ దాకా ఉంటుంది. అందులో ఆక్సలేట్ ధారాళంగా పోస్తే సన్నటి పలుకులు కట్టి కణాలకు అతుక్కుంటాయి. ఎంత కడిగినా అన్నీ పోవు. ఆక్సలేట్‌కు గుర్తుగా పెట్టిన రేడియోధార్మిక కార్బన్-14 కౌంట్లు దండిగా వస్తాయి, లోపలికి వెళ్లిందని సంబరపడతావు. నిజానికి అది పైన అంటుకున్న స్ఫటికం. పోనీ కాల్షియం తీసేద్దామా అంటే, కణానికీ కణానికీ మధ్య బిగువు నిలిచేదే దానితో. అది లేకపోతే ఎండీసీకే (కుక్క కిడ్నీ నుంచి వచ్చిన) కణాల పొర వదులైపోయి ఆక్సలేట్ సందుల్లోంచి జారిపోతుంది.

డిష్‌లో కణాలు ఎంత లాక్కున్నాయో చూడటమే అయితే, ఆ కొద్ది నిమిషాలకు కాల్షియం లేని బఫర్ చాలు. ఫిల్టర్ మీద పొరగా పెంచి ఇటునుంచి అటు కొలవాలంటే మాత్రం కాల్షియం ఉంచు, ఆక్సలేట్‌ను కొద్ది మైక్రోమోలార్లకు దించు. ట్రిటియంతో (రేడియోధార్మిక హైడ్రోజన్) గుర్తు పెట్టిన మానిటాల్ అనే చక్కెరలాంటి పదార్థం కూడా కలుపు. అది కణాల గుండా దాదాపు పోదు, కాబట్టి అవతల తేలిందంటే లీకే. ఇంకో సెట్ 4 డిగ్రీల దగ్గర పెట్టు. చల్లదనానికి రవాణా మందగిస్తుంది గానీ అంటుకునేది అంటుకుంటూనే ఉంటుంది.

ఇక మీ అందరికీ మోజైన, ఆక్సలేట్‌ను కణం పొర దాటించే ట్రాన్స్‌పోర్టర్ ప్రోటీన్ ఎస్ఎల్‌సీ26ఏ6. క్లోరైడ్‌తో మార్పిడి చేస్తుంది కదా, బయట క్లోరైడ్ తీసేసి గ్లూకోనేట్ పెట్టి చూడు, ఆక్సలేట్ లోపలికి వెళ్లడం పెరగాలి. డిడ్స్ అనే నిరోధకం వేస్తే తగ్గిందని అక్కడితో తేల్చెయ్యకు. డిడ్స్ చాలా ట్రాన్స్‌పోర్టర్లను ఆపుతుంది, దానికి విచక్షణ లేదు. ఆ ప్రోటీన్ జీన్‌ను తగ్గించిన కణాల్లోనూ అదే కనపడితే అప్పుడు మాట్లాడదాం. ఇంకోటి: ఈ జీన్ తీసేసిన ఎలుకల మూత్రంలో ఆక్సలేట్ పెరిగి రాళ్లు కట్టాయని 2006లో తేలింది. అక్కడ ముఖ్యమైన లోపం పేగులో, పేగు ఆక్సలేట్‌ను బయటికి వదలలేకపోవడంలో. కిడ్నీ కణాల డేటాతో రాళ్ల కథంతా చెప్పబోతే రివ్యూయర్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

రాళ్లు కట్టకుండా అడ్డుకునే సిట్రేట్ కూడా కొలిచేట్టయితే పీహెచ్ జాగ్రత్త. ఆమ్లం పెరిగితే ఎన్ఏడీసీ1 అనే ట్రాన్స్‌పోర్టర్ సిట్రేట్‌ను ఎక్కువగా లాగుతుంది.

మొదటివారం కణాలు లేని ఖాళీ ఫిల్టర్లూ, చల్లటి సెట్లూ మాత్రమే చెయ్యి. మీ గైడ్‌కి గ్రాఫ్ చూపించే తొందర వద్దు. ముందు ముడి కౌంట్లు నాకు పంపు, బ్యాక్‌గ్రౌండ్ కూడా తీసెయ్యకుండా.